యుద్ధంలో పనిచేసిన తాతగారి సైనిక వివరాలు రాబట్టడం ఎలా?

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సుమారు 25 లక్షల మంది స్వచ్ఛందంగా భారత సైన్యంలో చేరారు. ఉదయగిరి, కనిగిరి, పొదిలి వైపు మెట్ట ఊళ్లలో అలా వెళ్లి వచ్చిన ‘మిలటరీ తాత’ ఉన్న కుటుంబాల్లో ఇప్పుడు వాకబు చేస్తే, “బర్మా యుద్ధానికి పోయినాడంట” అన్న ఒక్క మాటే మిగిలి ఉంటుంది. ఆ ఒక్క మాట పట్టుకుని రికార్డు దాకా వెళ్లవచ్చు. అయితే పేరుతో కాదు, ఆయన సైనిక నంబరుతో వెతకాలి. ఒకే సుబ్బయ్య పేరును ఒక గుమాస్తా ఒక రకంగా, ఇంకొకరు ఇంకో రకంగా ఇంగ్లిషులో రాసి, ఇంటిపేరును ఒక్క పొడి అక్షరానికి కుదించి ఉంటారు. నంబరు మాత్రం దళంలో చేరిన రోజు నుంచి విడుదలైన రోజు దాకా ఆయన వెంటే ఉంటుంది.

అందుకని మొదట ఇల్లు వెతకండి. ట్రంకుపెట్టె అడుగున పొలం దస్తావేజుల మధ్య మడిచిపెట్టిన డిశ్చార్జి సర్టిఫికెట్, పింఛను పుస్తకం, మనియార్డరు రసీదు, ఉత్తరం కవరు, వీటిలో ఏది దొరికినా నంబరు, హోదా, దళం తెలిసే వీలుంది. పతకం దొరికితే దాని అంచును, వెనుక వైపును ఎండలో ఏటవాలుగా పట్టుకుని చూడండి. నంబరు, పేరు సన్నని అక్షరాలతో చెక్కి ఉండవచ్చు. దయచేసి దాన్ని చింతపండుతో తోమకండి. మా పెదతాతగారి పతకాన్ని ఇంట్లో ఏటా పండక్కి ఇత్తడి చెంబులతో పాటు తోమడంతో చివరి రెండు అంకెలు అరిగిపోయాయి, ఆ రెండు అంకెల కోసం నేను ఏడాది తిరిగాను. ముదురు నీలం, నారింజ చారలకు నడుమ వెడల్పాటి ఎర్ర చార ఉన్న రిబ్బను బర్మా యుద్ధంలో పనిచేసినవారికి ఇచ్చిన బర్మా స్టార్ పతకానిది. ఇసుక రంగు రిబ్బనైతే ఆయన ఆఫ్రికా వైపు వెళ్లారని అర్థం.

తర్వాత ఊరి చిరునామాను ఆనాటి లెక్క ప్రకారం రాసుకోండి. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది. యుద్ధ కాలంలో కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలోనూ, ఒంగోలు, అద్దంకి గుంటూరు జిల్లాలోనూ, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనూ ఉండేవి. ఈ సంగతి తెలియక ఎదుటే ఉన్న మనిషిని వదిలేసుకునేవారు ఉన్నారు.

దళం తెలిస్తే ఉత్తరం ఎవరికి రాయాలో తెలిసినట్టే. మద్రాసు రెజిమెంటు రికార్డు ఆఫీసు నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉంది. వంతెనలు, రోడ్లు కట్టే ఇంజినీరింగు దళమైన మద్రాస్ శాపర్స్, కూలి పనులు చేసిన పయనీర్ కోర్, లారీలు నడిపి సరుకు చేరవేసిన సర్వీస్ కోర్ అయితే బెంగళూరుకు రాయాలి. దళం పేరు ఎవరికీ గుర్తులేకపోతే చేరిన ఏడాది కొంత దారి చూపుతుంది: మద్రాసు పదాతిదళాన్ని 1920ల్లో రద్దు చేసి 1941లో మళ్లీ నెలకొల్పారు కాబట్టి, 1940లోనే చేరిన వ్యక్తిని ముందుగా శాపర్స్‌లోనో సర్వీస్ కోర్‌లోనో వెతకడం మేలు. ఉత్తరంలో నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా, చేరిన, విడుదలైన సంవత్సరాలు రాసి, మీ బంధుత్వాన్ని రుజువు చేసే కుటుంబ ధ్రువపత్రం నకలు జతచేయండి. జవాబు రాకపోతే 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు. నెల్లూరు, ఒంగోలులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల్లోనూ, మాజీ సైనికుడిగా ఆయనకు భూమి ఇచ్చి ఉంటే తహసీల్దారు కార్యాలయంలోని పట్టా దస్త్రంలోనూ ఒకసారి అడగండి.

ఆయన తిరిగి రాకపోయి ఉంటే, యుద్ధాల్లో మరణించిన సైనికుల సమాధులను, స్మారకాలను చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో ఉచితంగా వెతకవచ్చు. అక్కడ మరణించినవారి పేర్లు మాత్రమే ఉంటాయి. రెండో యుద్ధానికి సంబంధించి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు లెక్కలోకి తీసుకుంటారు. సమాధి లేని సైనికుల పేర్లు రంగూన్, సింగపూర్ స్మారకాల మీద చెక్కి ఉన్నాయి. రంగూన్ స్మారకం ఒక్కదాని మీదే దాదాపు 27,000 పేర్లు ఉన్నాయి.

చివరగా, దళం పూర్తి పేరు చేతికొచ్చాక యుద్ధ దినచర్యలు (వార్ డైరీలు), అంటే ప్రతి దళం రోజువారీగా రాసిన పుస్తకాలు, చూడండి. బర్మా వైపు పనిచేసిన దళాలవి లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ (వార్ ఆఫీస్) 172 అనే దస్త్రాల వరుసలో ఉన్నాయి. వాటిలో సామాన్య సిపాయి పేరు కనిపించడం అరుదు; కానీ ఆ దళం ఏ తేదీన ఏ వంతెన కట్టిందో, ఏ నది దాటిందో రోజువారీగా రాసి ఉంటుంది. ఇంట్లో దొరికిన ఉత్తరం మీది తేదీని ఆ పుట పక్కన పెట్టి చూస్తే, జేజికి (నానమ్మకు) ఆయన ఆ నాలుగు వాక్యాలు రాసిన రోజున ఎక్కడ ఉన్నారో తెలుస్తుంది.