సన్యాసి పీతకు తగిన గుల్లను ఎంచుకోవడం ఎలా?

అమెరికా సముద్రతీరాల్లోని దుకాణాలలో పిల్లలు ముచ్చటపడి కొనిపించుకునే సన్యాసి పీతలు (హెర్మిట్ క్రాబ్స్) చాలావరకు కరేబియన్ దీవుల ప్రాంతం నుంచి పట్టి తెచ్చిన కోనోబిటా క్లిపియేటస్ జాతివి. ఊదారంగు తిరిగిన పెద్ద ఎడమ డెక్కను బట్టి వీటిని గుర్తించవచ్చు. ఈ పీతకు ముందుభాగం గట్టిగానే ఉంటుంది కాని, కుడివైపుకు మెలితిరిగిన పొట్టభాగానికి పెంకు ఉండదు. అందువల్ల అది చనిపోయిన నత్తల గుల్లలో దూరి, వాటిని మోసుకుంటూ బతుకుతుంది. ఒళ్ళు తడారిపోకుండా కొంత నీటిని కూడా ఆ గుల్లలోనే నిలవ చేసుకుంటుంది. పీత పెరుగుతుంది, గుల్ల పెరగదు కాబట్టి దానికి తగిన గుల్లలను ఎప్పటికప్పుడు అందుబాటులో ఉంచడం పెంచేవారి బాధ్యత.

గుల్లను చూడగానే మన కన్ను దాని రంగు మీదికి, మెరుపు మీదికి పోతుంది. పీతకు ముఖ్యమైనది మాత్రం గుల్ల నోరు. భయం కలిగినప్పుడు అది పూర్తిగా లోపలికి ముడుచుకొని, పెద్ద డెక్కను తలుపులా అడ్డం పెట్టుకుంటుంది. క్లిపియేటస్ జాతికి గుండ్రని నోరున్న గుల్లలు నప్పుతాయి కాబట్టి, ‘టర్బో’ రకం సముద్ర నత్తల గుల్లలు దీనికి అన్నిటికంటె మేలు. ఈక్వడార్ పీతగా అమ్మే కోనోబిటా కంప్రెసస్ సంగతి వేరు: దాని శరీరం కొంచెం అణిగినట్టు ఉంటుంది కనుక, నెరైట్ అనే నత్తల గుల్లలకు ఉండే అర్ధచంద్రాకారపు నోరే దానికి అనుకూలం. కాబట్టి గుల్లలు కొనడానికి ముందు మీ ఇంట ఉన్నది ఏ జాతి పీతో తేల్చుకోవాలి. సన్నని చీలిక వంటి నోరుండే గవ్వలు, కోన్ గుల్లలు ఏ పీతకూ పనికిరావు. అవి తొట్టిలో అలంకారానికే.

మెలిక దిశను కూడా చూడాలి. గుల్ల మొనను పైకి, నోటిని మనవైపుకు ఉంచి పట్టుకున్నప్పుడు నోరు కుడిపక్కన కనిపించాలి. పీత పొట్టకు సరిపడే మెలిక అదే. నత్తలలో అత్యధికం ఈ తీరువే కాబట్టి దుకాణంలో కొన్నవాటితో ఇబ్బంది అరుదు. టెక్సాస్, ఫ్లోరిడా తీరాలలో గుల్లలు ఏరుకునేవారు మాత్రం జాగ్రత్తపడాలి: అక్కడ దొరికే లైట్నింగ్ వెల్క్ అనే సముద్ర నత్త గుల్లకు నోరు ఎడమపక్కన ఉంటుంది. (మన పూజామందిరాలలో అపురూపంగా చూసుకునే దక్షిణావర్త శంఖం కూడా ఈ లెక్కన ఎడమ మెలికదే, దాని పేరిట బజారులో అంటగట్టే శంఖాలలో ఈ వెల్క్ గుల్లలూ ఉంటాయి.) ఏరుకున్న గుల్ల ఏదైనా, లోపల నత్త గాని, మరో పీత గాని ప్రాణంతో లేదని నిర్ధారించుకున్న తరువాతే ఇంటికి తేవాలి.

కొలతకు స్కేలు చాలు. పీత బయటికి వచ్చి తిరుగుతున్నప్పుడు పెద్ద డెక్క వెడల్పును చూపుతో అంచనా వేసి, గుల్ల నోటి లోపలి వెడల్పును దానితో పోల్చాలి. నోరు డెక్క కంటె కొద్దిగా పెద్దదిగా ఉంటే సరిపోతుంది. ముడుచుకున్నప్పుడు కూడా కాళ్ళు, డెక్క బయటికి పొడుచుకొని కనిపిస్తున్నాయంటే ఇప్పుడున్న గుల్ల ఇరుకైనట్టే. పిల్లవాడికి చెప్పులు కొన్నట్టు, పెరుగుతుంది కదా అని మరీ పెద్దది ఒక్కటే తెచ్చిపెట్టడం వల్ల ప్రయోజనం లేదు. ఒక్కొక్క పీతకు మూడు నుంచి ఐదు గుల్లల చొప్పున, ఇప్పటి కొలతవీ, అంతకంటె కాస్త పెద్దవీ కలిపి పెట్టాలి. గుల్లలు చాలకపోతే ఒకే తొట్టిలోని పీతలు ఒకదాన్నొకటి బయటికి లాగి గుల్లను కాజేస్తాయి, ఆ పోట్లాటలో ప్రాణాలు కూడా పోతాయి.

రంగులు పూసిన గుల్లలు ఎంత చౌకగా వచ్చినా కొనకూడదన్నది నా గట్టి అభిప్రాయం. తేమలో రంగు పెచ్చులుగా లేస్తుంది, పీతలు ఆ పెచ్చులను గిల్లి తింటాయి. మీ పీత ఇప్పటికే అటువంటి గుల్లలో ఉంటే దానిని బలవంతంగా బయటికి లాగవద్దు. లాగితే గుల్లను విడవడానికి బదులు ఒళ్ళు తెగిపోయేదాకా పట్టుకొనే ఉంటుంది. పక్కన సహజమైన గుల్లలు పెట్టి ఓపిక పట్టడం ఒక్కటే మార్గం.

కొత్త గుల్ల అంచులలో పగుళ్ళు, లోపల ఇసుక, ఎండిన నత్త మాంసం లేకుండా చూసి, క్లోరిన్ తొలగించిన నీటిలో ఐదు నిమిషాలు మరిగించాలి. గుల్లల మెలికలలో వేడినీరు నిలిచిపోతుంది కనుక, తలకిందులు చేసి మొత్తం ఒంపి, పూర్తిగా చల్లారాకే తొట్టిలో పెట్టాలి. నోరు పైకి ఉండేలా, ఒకేచోట కుప్పగా పెడితే పీతకు వెతుక్కోవడం సులువు. రాత్రివేళ అది డెక్కతో, మీసాలతో గుల్ల లోపలంతా తడిమి, దొర్లించి చూసి, నచ్చితే క్షణాలలో మారిపోతుంది. నచ్చకపోతే వారాల తరబడి ముట్టుకోదు. పొర విడవడానికి ఇసుకలోకి దిగిన పీతను గుల్ల మార్పు కోసం తవ్వి తీయకూడదు. అది పైకి వచ్చాక కొత్త గుల్ల అవసరమవుతుంది కాబట్టి, ఈలోపల పెద్దవి సిద్ధం చేసుకోవచ్చు.

పీత వదిలేసిన పాత గుల్లను పారవేయవద్దు. కోస్టారికా తీరంలో కంప్రెసస్ పీతలను పరిశీలించినవారు ఒక విషయం గమనించారు: అవి గుల్ల లోపలి భాగాన్ని అరగదీసి, చోటు పెంచుకొని, బరువు తగ్గించుకుంటాయి, అలా అరిగిన గుల్లలకే తోటి పీతలలో గిరాకీ ఎక్కువ. కాబట్టి వాడిన గుల్లను మళ్ళీ మరిగించి, చిన్న పీతలకు అందేచోట పెట్టండి.