కర్నూలు కాలువగట్టు మీద తీగతోక స్వాలోను గుర్తుపట్టడం ఎలా

ఆఫ్రికా పక్షుల గైడ్ తిరగేస్తే అందులో కనిపించే స్వాలో పిట్టల్లో ఒకటి మన కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) కల్వర్టుల దగ్గర కూడా ఎగురుతుంటుంది. దాన్ని చూడ్డానికి సఫారీ జీపు అక్కర్లేదు, బైకూ ఓపికా ఉంటే చాలు. ఇంగ్లీషులో వైర్ టెయిల్డ్ స్వాలో అంటారు, నేను తీగతోక స్వాలో అని రాస్తాను. శాస్త్రీయ నామం హిరుండో స్మిథీ. 1816లో కెప్టెన్ టకీ నాయకత్వంలో కాంగో నదికి వెళ్లిన బ్రిటిష్ యాత్రలో క్రిస్టెన్ స్మిత్ అనే నార్వే వృక్షశాస్త్రవేత్త ఉన్నాడు, పాపం ఆ యాత్రలోనే చనిపోయాడు, ఆయన పేరే 1818లో ఈ పిట్టకు పెట్టారు.

ముందు ఎక్కడ వెతకాలో చెప్తా. అడవిలోకి పోవద్దు. నీళ్లుండాలి, దగ్గర్లో వంతెనో కల్వర్టో తూముగోడో ఉండాలి, పైన కరెంటు తీగ ఉంటే ఇంకా మంచిది. సుంకేసుల దగ్గర తుంగభద్ర, అక్కణ్ణుంచి కడప దాకా పోయే కేసీ కెనాల్, అనంతపురం వాళ్లకైతే హెచ్చెల్సీ, అంటే తుంగభద్ర ఎగువ కాలువ, ఇట్లాంటి చోట్లు చూడండి. ఆఫ్రికాలోనూ దీని అలవాటు ఇదే, దక్షిణాఫ్రికాలోని క్రూగర్ పార్కుకు వెళ్లినవాళ్లు దీన్ని ఎక్కువగా చూసేది నదుల మీది వంతెనల దగ్గరే.

పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వెళ్లండి, ఎండ మీ వీపు వైపు ఉండేట్టు నిలబడండి, లేకపోతే ప్రతి పిట్టా నల్లగానే కనిపిస్తుంది. ఇది నీళ్ల మీద బాగా కిందుగా ఎగురుతూ ఈగల్లాంటి పురుగుల్ని పట్టుకుంటుంది. ఎగిరేటప్పుడు వెంట పరిగెత్తి లాభం లేదు, అలసి తీగ మీదో రెయిలింగు మీదో వాలేదాకా ఆగండి.

వాలిందా, అప్పుడు తోక జోలికి పోకుండా గొంతు చూడండి. గొంతు నుంచి పొట్ట దాకా ఒక్క మచ్చ లేకుండా తెల్లగా ఉండాలి, నెత్తి మీద ఇటుక రంగు టోపీ ఉండాలి, వీపు నీలంగా మెరవాలి. ఈ మూడూ కలిస్తే అదే. తోక చివర రెండు పక్కలా దారాల్లాంటి ఈకలు ఉంటాయి, కానీ అవి తరచూ విరిగిపోతాయి, ఆడపిట్టకు పొట్టిగా ఉంటాయి, పిల్లపిట్టలకైతే నెత్తి కూడా గోధుమరంగే, అందుకే పేరులో ఉంది కదా అని తోకనే నమ్ముకుంటే సగం పిట్టల్ని వదిలేస్తారు. ఇంకో మాట, నెట్‌లో కనిపించే ఆఫ్రికా ఫోటోల్లో తోక తీగలు పొట్టిగా అనిపిస్తే కంగారు పడొద్దు. అక్కడిది వేరే ఉపజాతి, మన ఆసియా ఉపజాతి కొంచెం పెద్దది, తోకా పొడవే.

తికమక పెట్టేవి చాలానే ఉన్నాయి. బార్న్ స్వాలోకి కూడా తోక పొడుగే, కానీ దాని గొంతు ఎర్రమట్టి రంగులో ఉండి కింద నల్లటి పట్టీ ఉంటుంది. అది చలికాలం వలస పిట్ట, మే నెలలో దాదాపు కనిపించదు, కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎండాకాలంలో నది మడుగుల దగ్గర మొదలుపెడితే సగం టెన్షన్ తగ్గుతుందని నా అభిప్రాయం. ఎర్రనడుము స్వాలోకి నడుము మీద లేత ఇటుక రంగు, పొట్ట మీద సన్న గీతలు. పచ్చటి బీ-ఈటర్‌కి కూడా తోకలో తీగలుంటాయి గానీ అవి మధ్యలో ఉంటాయి, పక్కల్లో కాదు. ఇక పాత గుళ్లల్లో గుంపులుగా అరుస్తూ తిరిగే స్విఫ్టులు అసలు స్వాలోలే కావు, అవి తీగ మీద కూర్చోలేవు. కూర్చుందంటే స్విఫ్టు కాదు, అంతే.

పిట్ట కనపడకపోయినా గూడు చెప్పేస్తుంది. కల్వర్టు కింద గోడకు అంటించిన మట్టి గిన్నె, సగానికి కోసినట్టు, పైభాగం తెరిచి ఉంటే అది మన తీగతోకది కావచ్చు. ముక్కుతో ఒక్కో బురద ముద్దా తెచ్చి కడతాయి, అందుకే దగ్గర్లో తడిమట్టి కావాలి. సీసా ఆకారంలో, గొట్టం లాంటి దారి ఉంటే ఎర్రనడుముది. పదుల కొద్దీ గూళ్లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటే గీతలగొంతు స్వాలోలవి. తీగతోక జంట మాత్రం ఒంటరిగానే కాపురం పెడుతుంది, పక్కన ఇంకో జంటను రానివ్వదు. గుడ్లు మూడు నుంచి ఐదు దాకా ఉంటాయి.

గూడు కనిపించిందని కిందికి దూరి ఫోన్ ఫ్లాష్ కొట్టొద్దు. తల్లీతండ్రీ నోట్లో పురుగుతో అటూఇటూ చక్కర్లు కొడుతున్నాయంటే మీరు మరీ దగ్గరగా ఉన్నారనే అర్థం, గట్టు ఎక్కి దూరంగా కూర్చోండి. 8×42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది) ఉంటే అక్కణ్ణుంచే అన్నీ కనిపిస్తాయి. చూసినదాన్ని తేదీతో, చోటుతో ఈబర్డ్‌లో (పిట్టల్ని చూసినవాళ్లు వివరాలు నమోదు చేసే వెబ్‌సైటు) ఎక్కించండి. గూడు ఉన్న కల్వర్టుకు సున్నం కొట్టడమో రిపేరో మొదలవుతుంటే, పిల్లలు ఎగిరేదాకా ఆ ఒక్క మూల వదిలేయమని మేస్త్రీని అడిగి చూడండి, గుడ్లు పెట్టిన దగ్గర్నుంచి లెక్కేసినా ఒకటిన్నర నెల మించి పట్టదు.