కబోర్డులకు నీళ్ళ స్టెయినా, థిన్నర్ స్టెయినా?

నెల్లూరులోనో ఒంగోలులోనో పెయింట్ షాపుకెళ్ళి వంటింటి కబోర్డులకు స్టెయిన్ (చెక్కలోకి ఇంకి రంగునిచ్చే ద్రవం) కావాలనగానే ముందు రంగుల కార్డు చేతికిస్తారు. వాల్‌నట్టా, టేకు రంగా అని ఇంటిల్లిపాదీ తేల్చుకునే లోపు అసలు సంగతి మర్చిపోతాం: అది నీళ్ళతో పలుచన చేసేదా, టర్పెంటైన్, థిన్నర్ లాంటి సాల్వెంట్‌తో చేసేదా? డబ్బా వెనక రాసి ఉంటుంది, కొనకముందే చదవండి.

సాల్వెంట్ రకంలోనూ మళ్ళీ రెండున్నాయి. టర్పెంటైన్‌తో పలుచన చేసే నూనె స్టెయిన్ నిదానంగా ఆరుతుంది, తీరిగ్గా తుడుచుకోవచ్చు, పూర్తిగా ఆరడానికి ఒక రోజైనా వదిలేయాలి. థిన్నర్‌తో కలిపేది నిమిషాల్లో ఆరిపోతుంది కాబట్టి స్ప్రే గన్ ఉన్న పాలిష్ మేస్త్రీలకు అది అనుకూలం, బ్రష్‌తో మొదటిసారి వేసేవాళ్ళకు కష్టం. నీళ్ళ స్టెయిన్‌కు వాసన తక్కువ, బ్రష్ కుళాయి కింద కడిగేయొచ్చు, కానీ చెక్క తడిసి నూగు లేస్తుంది, ఎండల్లో వేస్తే గుడ్డతో తుడిచే లోపే ఆరిపోయి చారలు పడతాయి.

మన సముద్రం పక్క ఊళ్ళలో వీటిలో ఏది కొనాలో సగం నెలను బట్టే ఉంటుంది. మనకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల్లో పడతాయి. ముసురు పట్టిన రోజుల్లో గాలిలో తేమ ఎక్కువై నీళ్ళ స్టెయిన్ ఆరదు, చెక్క కూడా తేమ పీల్చి ఉబ్బుతుంది. అప్పుడు తప్పదనుకుంటే సాల్వెంట్ రకమే నయం, అయితే దాని మీద వేసే లక్కర్ (థిన్నర్‌తో కలిపే పాలిష్) మాత్రం పొడి రోజు చూసుకుని వేయాలి, ఎందుకంటే థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు పైపొర చల్లబడి, గాలిలోని తేమ దాని మీద చేరి పాలు పోసినట్టు తెల్లగా మారుతుంది. మే నెల వడగాలిలో నీళ్ళ రకం పట్టుకుంటే పొద్దున్నే, ఫ్యాన్ ఆపి, ఒక్కో తలుపూ విడివిడిగా చేయండి. పని వాయిదా వేసుకోగలిగితే సంక్రాంతి దాటాక మార్చి లోపు పెట్టుకోండి, ఆ రోజుల్లో రెండు రకాలూ మాట వింటాయి. ఇంట్లో పసిపిల్లలో, ఆయాసం ఉన్న పెద్దవాళ్ళో ఉంటే నేను రెండో ఆలోచన లేకుండా నీళ్ళ స్టెయినే తెమ్మంటాను.

చెక్కనూ చూసుకోవాలి. టేకులో సహజంగా నూనె ఉంటుంది, నీళ్ళ స్టెయిన్ అక్కడక్కడా సరిగా పట్టదు, కాబట్టి ముందు థిన్నర్ గుడ్డతో తుడిచి ఆరనివ్వండి, లేదా సాల్వెంట్ రకం తీసుకోండి. వెనీర్ ప్లైవుడ్ మీద పైచెక్క చాలా పల్చన, మెషిన్ పెట్టి రుద్దితే క్షణంలో కింది ప్లై బయటపడుతుంది, చేత్తోనే రుద్దాలి. సన్‌మైకా మీద ఏ స్టెయినూ ఇంకదు, డబ్బు దండగ.

ఇక పని. తలుపులు, హ్యాండిళ్ళు, కీళ్ళు విప్పేయండి. పాత పాలిష్ ఆనవాలు లేకుండా పోయేదాకా 120 నంబరు సాండ్ పేపర్‌తో, తర్వాత 180తో చెక్క నారల వెంబడే రుద్దండి, అడ్డంగా రుద్దిన ప్రతి గీతా స్టెయిన్ పడ్డాక నల్లగా తేలుతుంది. అక్కడక్కడా ఒక్కో నీటి చుక్క వేసి చూడండి: ఇంకిపోతే సరే, గుండ్రంగా నిలబడితే అక్కడ పాత పాలిషో ఫెవికాలో మిగిలుందని అర్థం. నీళ్ళ స్టెయిన్ అయితే ఇక్కడ ఒక అదనపు పని ఉంది, చాలామంది వదిలేసేది ఇదే. తడిపి గట్టిగా పిండిన గుడ్డతో చెక్కంతా ఒకసారి తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. ఆరాక అరచెయ్యి ఆనిస్తే గరుగ్గా తగులుతుంది, వెలుతురు పక్క నుంచి పడేలా పెట్టి చూస్తే సన్నటి నారలు లేచి నిలబడి కనిపిస్తాయి. వాటిని 220 నంబరుతో, బరువు వేయకుండా తేలిగ్గా దువ్వేస్తే తర్వాత స్టెయిన్ వేసినప్పుడు మళ్ళీ అంతగా లేవవు. ఈ పనికి స్టీల్ ఊల్ వాడొద్దు, దాని తునకలు నీళ్ళ తడికి తుప్పు పట్టి చెక్కలో నల్ల చుక్కలుగా మిగులుతాయి. అదే కారణంతో, బోరు నీళ్ళలో ఇనుము ఉండి బకెట్టు ఎర్రబారే ఇళ్ళలో స్టెయిన్‌లో క్యాన్ నీళ్ళే కలపండి.

తలుపు వెనకవైపో అదే చెక్క ముక్క మీదో ముందు వేసి, పైన పాలిష్ కూడా పూసి రంగు చూసుకోండి, ఉత్త స్టెయిన్ ఆరాక వెలిసినట్టుంటుంది, పాలిష్ పడితేనే అసలు రంగు తేలుతుంది. స్టెయిన్ ధారాళంగా పూసి, ఆరకముందే నూలు గుడ్డతో నారల వెంబడి తుడవండి. ఒక తలుపు మధ్యలో ఫోన్ వచ్చినా ఆపొద్దు, ఆపిన చోట గీత పడుతుంది. ముదురు రంగు కావాలంటే ఆరాక రెండో చేయి వేయండి, ఒకేసారి మందంగా వద్దు.

సాల్వెంట్ రకం వంటింట్లో వేస్తుంటే పొయ్యి వెలిగించొద్దు, సిలిండర్ బయట పెట్టండి, కిటికీలు తెరవండి. నూనె స్టెయిన్ గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయడం అసలు వద్దు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక అగ్గిపుల్ల గీయకుండానే అంటుకోగలదు. ఆరుబయట ఒక్కొక్కటీ విడివిడిగా పరచి ఆరబెట్టండి, లేదా నీళ్ళ బకెట్టులో ముంచండి.

స్టెయిన్ రంగు మాత్రమే ఇస్తుంది, నీటినీ నూనె జిడ్డునూ ఆపదు, కాబట్టి పైన పాలిష్ తప్పనిసరి. నూనె స్టెయిన్ మీద నీళ్ళతో కలిపే పి.యు. (పాలియురెథేన్) పాలిష్ వేయాలంటే రెండు మూడు రోజులు ఆగండి, తెల్లగుడ్డతో రుద్దితే రంగు అంటకూడదు. సింకు కింది తలుపుల అంచులకు ఇంకో చేయి ఎక్కువ వేయండి, ముందుగా పాడయ్యేది అక్కడే. తలుపులు బిగించాక కనీసం ఒక వారం తడిగుడ్డ తగలనివ్వకుండా పొడిగుడ్డతోనే తుడుచుకోండి.