అరచేతి చెమట స్పందన పరీక్ష సరిగ్గా చేయడం ఎలా?

హఠాత్తుగా చిన్న షాకో పెద్ద శబ్దమో తగిలినప్పుడు మన ప్రమేయం లేకుండా పనిచేసే సింపథెటిక్ నరాలు చెమట గ్రంథులను ప్రేరేపిస్తాయి. అప్పుడు చర్మం మీది వోల్టేజీలో వచ్చే మార్పును ఈఎంజీ యంత్రం (నరాలు, కండరాల విద్యుత్ సంకేతాలను నమోదు చేసేది) తెరపై ఒక అలగా గీస్తుంది. దీనినే సింపథెటిక్ స్కిన్ రెస్పాన్స్ అంటారు. మధుమేహ రోగులకూ, ఉద్దానం నుంచి వచ్చే మూత్రపిండ రోగులకూ స్వయంచాలిత నాడీవ్యవస్థ (ఈ సింపథెటిక్ నరాలు ఉండే వ్యవస్థ) ఎంత దెబ్బతిన్నదో చూడడానికి ఇది పనికివస్తుంది.

ఒక ఎలక్ట్రోడును అరచేతిలో, రెండోదాన్ని చేతి వెనుకవైపున, గ్రౌండును ముంజేతిపైన అంటించాలి. పాదానికీ అంతే: అరికాలిలో ఒకటి, పైభాగాన ఒకటి. యంత్రంలో కింది ఫిల్టరు (మరీ నెమ్మదైన కదలికలను వడకట్టేది) 0.1 హెర్ట్జ్ దగ్గర, స్వీప్ (తెరపై ఒకసారి గీత సాగే సమయం) మొత్తం 10 సెకన్లు ఉండాలి. చర్మం 32 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉంటే ముందు వెచ్చబరచాలి. పలాసలో జీడిపిక్కలు ఒలిచేవారి అరచేతులు జీడి రసానికి నల్లబడి, పొరలు పొరలుగా గట్టిపడి ఉంటాయి. అక్కడ అల చిన్నదిగా వచ్చినంత మాత్రాన నరం చెడిందని చెప్పకూడదు.

ఇక అందరూ పాడుచేసేది ప్రేరణ ఇచ్చే దశ. రెండో చేతి మణికట్టు దగ్గర అరచేతిలోకి వెళ్లే మీడియన్ నరానికి స్వల్ప షాకు ఇస్తాం. అల రాలేదని వెంటవెంటనే మీట నొక్కుతూ పోతే మెదడు ఆ షాకుకు అలవాటుపడి, వచ్చే స్పందన కూడా తగ్గిపోతుంది; చివరికి ఆరోగ్యవంతుడి రిపోర్టులో సైతం 'స్పందన లేదు' అని రాయవలసివస్తుంది. అందుచేత ఒక ప్రేరణకూ మరొకదానికీ మధ్య కనీసం ఒక నిమిషం ఆగాలి, ఆ వ్యవధిని ప్రతిసారీ మార్చాలి, గీత నిలకడగా ఉన్నప్పుడే మీట నొక్కాలి. “ఇప్పుడు ఇస్తున్నానమ్మా” అని హెచ్చరించడం దయ అనిపించవచ్చు గానీ, ఆ మాటకే అరచేయి తడిసి గీత ముందుగానే కదులుతుంది. షాకు ఎలా ఉంటుందో పరీక్షకు ముందే వివరంగా చెప్పి, తరువాత గదిలో అందరూ మౌనంగా ఉండాలి. తెర రోగికి కనబడకూడదు.

చప్పట్లు కొట్టి పని కానిచ్చేవారు ఉన్నారు. అది పద్ధతి కాదు: ప్రతి చప్పుడూ ఒకేలా ఉండదు, వినికిడి తగ్గిన వృద్ధులకు అసలు పనిచేయదు. షాకుకు స్పందన రాకపోతే ఒక్కసారిగా గాఢంగా ఊపిరి పీల్చమనాలి. పేస్‌మేకర్ ఉన్నవారికి మొదటినుంచీ ఇదే మార్గం.

ప్రేరణ ఇచ్చాక చేతిలో అల సుమారు ఒకటిన్నర సెకన్లకు, పాదంలో రెండు సెకన్లకు మొదలవుతుంది. అల ఎత్తు ఒకే మనిషిలోనూ మారుతూ ఉంటుంది కనుక, స్పందన ఉందా లేదా అన్నదానికే ఎక్కువ విలువ ఇవ్వాలి. అరవై దాటినవారికి పాదంలో రాకపోయినా అది జబ్బు కాకపోవచ్చు. అరికాళ్ల మంటలకు వాడే అమిట్రిప్టిలిన్ కూడా చెమటను తగ్గించి స్పందనను అణచివేస్తుంది; అందువల్ల రోగి వాడుతున్న మందుల చీటీ చూసి, వాటి పేర్లను ఫలితం పక్కనే రాసి వైద్యుడికి పంపాలి.