డ్యూటీలో ఉన్న డాక్టర్లు, నర్సుల పిల్లలను తీసుకునే ముందు జాగ్రత్తలు

కరోనా లాంటి అంటువ్యాధి ఉన్నప్పుడు గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల సిబ్బందికో, 108 అంబులెన్స్ వాళ్లకో పిల్లల గది తెరుస్తున్నారా? ముందు వీటిని సరిచూసుకోండి.

గది: ఎనిమిది మందికి మించొద్దు. రోజూ అదే పిల్లలు, అదే ఆయా. ఎవరికైనా జ్వరమొస్తే ఆ ఒక్క గది మూస్తే సరిపోతుంది. ఆయాలను గదులు మార్చి తిప్పారా, మొత్తం మూసుకోవాల్సిందే. అన్నదమ్ములు, అక్కాచెల్లెళ్లు ఒకే గదిలో ఉండాలి.

గుమ్మం: పెద్దవాళ్లు లోపలికి రాకూడదు, అక్కడే అప్పగించాలి. జ్వరం 100.4 డిగ్రీలుంటే వెనక్కి పంపండి. పొద్దున పారాసిటమాల్ వేశారా అని తప్పక అడగండి. సిరప్ పనిచేసే నాలుగు నుంచి ఆరు గంటలూ థర్మామీటర్‌ను నమ్మలేం. మందలిస్తున్నట్టు అడిగితే డ్యూటీకి ఆలస్యమవుతున్న తల్లి నిజం చెప్పదు.

మాస్కు: ఐదేళ్లలోపు వాళ్లకు వద్దు.

బొమ్మలు: కడగడానికి వీల్లేని మెత్తటివి తీసేయండి. మిగతావాటికి 5 శాతం సోడియం హైపోక్లోరైట్ (బ్లీచ్ ద్రావణం) 20 మి.లీ., నీళ్లు 980 మి.లీ. కలపండి. ఏ రోజుకారోజే కలపాలి, నిల్వ ఉంటే ఘాటు చస్తుంది. పది నిమిషాలయ్యాక మంచినీళ్లతో కడగాలి. బాత్రూమ్ యాసిడ్ చుక్క కూడా కలవకూడదు, క్లోరిన్ వాయువు వస్తుంది.

తల్లిపాలు: పిండినవి పేరు, టైమ్ రాసి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. బయట నాలుగు గంటలంటారు గానీ, మే నెల హైదరాబాద్ ఎండలో అంతసేపు ఉంచొద్దు. వేడినీళ్ల గిన్నెలో పెట్టి వెచ్చబెట్టండి, మైక్రోవేవ్ వద్దు.

ఫోన్: పీపీఈ కిట్‌లో ఉన్నవాళ్లు ఫోన్ ఎత్తలేరు. వార్డు నంబరు, అమ్మమ్మదో బాబాయిదో ఇంకొకటి రాసుకోండి. రాత్రి ఎనిమిదికి షిఫ్టు దిగేవాళ్లు తొమ్మిదిన్నరకు గానీ రారు. అప్పటిదాకా ఒక ఆయా, కాస్త పెరుగన్నం ఉంచాలి.