చేప నమూనా సీసాలోకి వెళ్లేముందు బియ్యపు గింజంత కండ

చివరి క్వాగా (జీబ్రా జాతి జంతువు, ఇప్పుడు అంతరించిపోయింది) 1883లో ఆమ్‌స్టర్‌డామ్ జూలో చనిపోయింది. 1984లో ఒక మ్యూజియంలోని క్వాగా చర్మానికి అంటుకున్న ఎండు కండలోంచి డీఎన్ఏ తీశారు. ఆ చర్మాన్ని దాచినవాళ్లకు డీఎన్ఏ సంగతే తెలియదు. మన చెరువులో దొరికిన పరిగెను రేపు ఎవరు ఏం అడుగుతారో మనకూ తెలియదు. అందుకే చేప కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్ అనే రసాయన ద్రవం సీసా మూత తీయకముందే కండ తీసి పెట్టాలి. ఫార్మలిన్ తగిలాక డీఎన్ఏ ప్రొటీన్లతో ముడిపడిపోతుంది, తర్వాత దాన్ని విడదీయడం చాలా కష్టం.

చేపను ఐసులో ఉంచి, జిగురు కడిగి, ఎడమ పక్క పైకి కనిపించేలా స్కేలు పెట్టి వెంటనే ఫోటో తీయండి. రంగు ఏ ద్రవంలోనూ నిలవదు. కండను కుడి పక్క నుంచే తీయాలి. కొలతలూ బొమ్మలూ ఎడమ పక్కవే కాబట్టి అటు బ్లేడు పడకూడదు. ఆ ముక్కను 95 శాతం ఇథనాల్ (ఆల్కహాల్) ఉన్న 2 మి.లీ. గొట్టంలో వేయండి. ప్రతి చేపకూ బ్లేడు మార్చండి.

తర్వాత థర్మకోల్ మీద వాజాలు (చేప రెక్కలు) విప్పి సన్న పిన్నులతో నిలపండి. బ్రష్‌తో కాస్త ఫార్మలిన్ రాసి కొన్ని నిమిషాలు ఆగితే అవి అలాగే బిగుసుకుంటాయి. ఈ పని మానేస్తే వాజాలు ఒంటికి అతుక్కుపోతాయి, వాటి ముళ్లు లెక్కపెట్టలేం.

బజార్లో దొరికే ఫార్మలిన్ 100 మి.లీ.కి 900 మి.లీ. నీళ్లు కలిపితే 10 శాతం ద్రవం. అందులో 4 గ్రా. మోనోసోడియం ఫాస్ఫేట్, 6.5 గ్రా. నీరులేని డైసోడియం ఫాస్ఫేట్ వేయండి. ఇవి లేకపోతే ద్రవం నెమ్మదిగా ఆమ్లమై ఎముకల్లోని సున్నాన్ని కరిగిస్తుంది. చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని గాలి ఆడేచోట కలపండి. ఈ ఆవిరి కళ్లను మండిస్తుంది, క్యాన్సర్ కారకం కూడా. కాలవలో పారబోయొద్దు.

జానెడు కొరమీను లాంటి దానికి కుడివైపు పొట్ట మీద రెండు మూడు సెం.మీ. గాటు పెట్టండి, లేకపోతే పైన గట్టిపడి లోపల కుళ్లుతుంది. చేపను ఈ ఫార్మలిన్ ద్రవం పోసిన వెడల్పాటి ట్రేలో వంకర లేకుండా తిన్నగా పడుకోబెట్టండి. వంకరగా బిగుసుకుంటే ఇక సరిచేయలేం. వేలెడు చేపకు మూడు రోజులు, అరచేయంతదానికి వారం, ఇంకా పెద్దదానికి రెండు వారాలు పడుతుంది. తర్వాత రెండు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టి, 35, 50, 70 శాతం ఇథనాల్‌లోకి ఒక్కో రోజు చొప్పున మార్చండి. నేరుగా 70లో వేస్తే ఒళ్లు ముడుచుకుంటుంది.

చీటీ సీసా లోపలే ఉండాలి, పెన్సిల్‌తోనే రాయాలి. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. ఊరు, చెరువు, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, వల రకం, కండ గొట్టం నంబరు అందులో ఉండాలి. అభయారణ్యంలో పట్టాలంటే ముందుగా అటవీ శాఖ అనుమతి తీసుకోండి.

సీసాలో మట్టం తగ్గిందంటే నీటికన్నా ఆల్కహాల్ ఎక్కువ ఆవిరైందని అర్థం. మళ్లీ 70 శాతంతో నింపినా బలం పూర్తిగా తిరిగిరాదు. అప్పుడు ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటర్‌తో చూసి ద్రవం మొత్తం మార్చండి.