గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌తో క్యాలిక్యులస్ – 4వ పాఠం: మధ్యలో కోయకండి

పోయిన పాఠంలోని లెక్కకు నెల్లూరు, కావలి, ఒంగోలు నుంచి వచ్చిన జవాబులు చూశాక, ఈసారి చెబుదామనుకున్న సమాకలనాన్ని వెనక్కి నెట్టక తప్పలేదు. వై = కాస్ ఎక్స్, వై = ఎక్స్ గీతలు కలిసే చోట ‘ఈ పవర్ 3ఎక్స్’ (e³ˣ) వక్రానికి స్పర్శరేఖ వాలు ఎంత అని అడిగాను. జవాబు 27.546. మీలో ఎక్కువమంది 27.622 పంపారు. జాగ్రత్తపరులు 27.539 పంపి, మూడు దశాంశాలు రాశాం కదా అని వాదించారు కూడా.

తెర మీద ఖండన బిందువు 0.7390851 అని కనిపిస్తుంటే ఒకరు 0.74 అని, ఇంకొకరు 0.739 అని రఫ్ కాగితం మీద రాసుకుని మళ్లీ టైపు చేశారు. వాలు 3 ఈ పవర్ 3ఎక్స్, దాని అవకలనం 9 ఈ పవర్ 3ఎక్స్. అంటే ఎక్స్‌లో కోసిన ముక్క వాలులోకి వచ్చేసరికి దాదాపు 83 రెట్లవుతుంది. హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠాలకు అమెరికా కాలేజ్ బోర్డు పెట్టే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలో మూడు దశాంశాల వరకు సరిగా ఉండాల్సింది చివరి జవాబు, మధ్యలో వచ్చే అంకె కాదు.

అవే రెండు గీతల మధ్య, వై అక్షం నుంచి ఖండన బిందువు దాకా వైశాల్యం అడిగి ఉంటే, 0.74 వేసినా 0.400 సరిగానే వచ్చేది. ఆ చివరన గీతల మధ్య ఎత్తు సున్నా కదా! ఇలా అప్పుడప్పుడు దొరక్కుండా తప్పించుకుంటుంది కాబట్టే నాకీ అలవాటంటే చిరాకు. ఇంటర్‌లో, జేఈఈలో కాలిక్యులేటర్ ముట్టనివ్వరు. చేత్తో కట్టేవాళ్లకు అంకెలు కుదించడం అవసరమే. ఇక్కడ మోసేది యంత్రం.

టీఐ-84 గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌లో ఖండన బిందువు దొరకగానే మామూలు తెరకు రండి. ఆ విలువ ఎక్స్‌లోనే ఉంటుంది. ఎక్స్ బటన్, ఎస్‌టీఓ (విలువను దాచే బటన్), ఆల్ఫా, ఏ, ఎంటర్. ఇక ప్రతిచోటా ఏ అనే వాడండి. కాగితం మీద ‘ఏ = 0.739’ అని రాసినా యంత్రం దగ్గర మొత్తం అంకె ఉంటుంది. రెండో బిందువుంటే నేను బి అంటాను, ఆ రెండక్షరాలు దాటను. జవాబు పత్రంలో మాత్రం కాలిక్యులేటర్ ఆదేశాలు రాయకండి, గణిత గుర్తులే రాయండి.

సైన్ ఎక్స్‌ను 0 నుంచి పై (π) వరకు సమాకలనం చేస్తే ఒకరికి 0.086 వచ్చిందట. మోడ్‌లో డిగ్రీలు తీసి రేడియన్ పెట్టండి, 2 వస్తుంది. ఇది మళ్లీ చెప్పను.

అభ్యాసం: రొయ్యల నర్సరీ తొట్టిలో మొదట 50 ఘనమీటర్ల నీళ్లున్నాయి. టీ గంటల వద్ద గంటకు 24 + 18 సైన్ (టీ²/10) ఘనమీటర్ల చొప్పున వస్తూ, 6టీ చొప్పున పోతున్నాయి. మొదటి 8 గంటల్లో నీళ్లు అత్యధికంగా ఎప్పుడు, ఎంత ఉంటాయి? ఆ టీ విలువను ఏలో దాచి ఒకసారి, 5.2గా కోసి ఒకసారి చేయండి. తేడా ఎన్నో దశాంశంలో వచ్చిందో, అంత తక్కువే ఎందుకు వచ్చిందో రాయండి. ఎనిమిదో గంట విలువతో పోల్చకుండా పంపితే సగం మార్కులే.